మంచు తుపానులో నాయకుడు ఊళ్లో లేకపోతే అంత పెద్ద తప్పా?

ప్లేనో గృహిణి:

2021 ఫిబ్రవరి నాటి టెక్సస్ మంచు తుపాను ప్రస్తావన వస్తే మా ఇంట్లో ఇప్పటికీ మాటకు మాట పెరుగుతుంది. తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. ఆ నెల 15న తెల్లవారకముందే రాష్ట్ర విద్యుత్ గ్రిడ్‌లో ఎక్కువ భాగాన్ని నడిపే ఎర్కాట్ సంస్థ కోతలు మొదలుపెట్టింది. 45 లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. కొద్దిసేపే అనుకున్న కోత చాలా చోట్ల మూడు రోజులు దాటింది. పైపులు గడ్డకట్టి పగిలాయి. కోటి మందికి పైగా జనం నీళ్లు కాచుకుని తాగాల్సి వచ్చింది. ప్రభుత్వ లెక్కలోనే 246 మంది చనిపోయారు, వారిలో మూడింట రెండు వంతుల మంది చలికే.

ఆ చీకటి మధ్యలోనే, 17వ తేదీన, మా సెనేటర్ టెడ్ క్రూజ్ కుటుంబంతో కలిసి మెక్సికోలోని కాంకూన్ సముద్ర తీరానికి విమానం ఎక్కారు. ఫోటోలు బయటపడగానే మర్నాడు తిరిగి వచ్చి, అది పొరపాటేనని ఒప్పుకున్నారు.

నేను క్షమించలేకపోయాను. మా అత్తగారికి అప్పుడు 74 ఏళ్లు. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ ఆమె మీదే కప్పి, రాత్రంతా ఆమె చేతులు రుద్దుతూ కూర్చున్నాను. మావారు మాత్రం ఒకటే అడుగుతారు: ‘ఆయన ఇక్కడే ఉంటే కరెంటు వచ్చేదా?’ మీరు ఏమంటారు?

ఇర్వింగ్ పాఠకుడు:

వచ్చేది కాదండీ. ఈ విషయంలో మీవారే నిజం చెబుతున్నారు. సెనేటర్ పని వాషింగ్టన్‌లో. టెక్సస్ గ్రిడ్‌లో ఎక్కువ భాగం పొరుగు రాష్ట్రాలతో పెద్దగా ముడిపడకుండా ఉండటానికి కారణమే కేంద్ర నియంత్రణ వద్దనుకోవడం. దాని బాధ్యత గవర్నర్‌ది, శాసనసభది, వారి కింది కమిషన్లది.

నా కోపం వేరే చోట ఉంది. 2011 ఫిబ్రవరిలో ఇలాగే చలికి విద్యుత్ కేంద్రాలు ఆగిపోయాయి. అదే ఏడాది ఆగస్టులో కేంద్ర సంస్థలు పెద్ద నివేదిక ఇచ్చాయి. యంత్రాలకు, గ్యాస్ బావులకు చలి రక్షణ ఏర్పాటు చేయండి, 1989లో కూడా ఇదే జరిగింది అని అందులో స్పష్టంగా ఉంది. పదేళ్లు చేతిలో ఉన్నాయి. చలి రక్షణను తప్పనిసరి చేయకుండా కంపెనీల ఇష్టానికి వదిలేశారు. కాంకూన్ ఫోటో దేశమంతటికీ గుర్తుంది. ఆ నివేదిక ఎంతమందికి గుర్తుంది? ఒక మనిషి సూట్‌కేసు వెంట మన కోపమంతా వెళ్లిపోయింది.

విశ్రాంత డిస్పాచ్ ఇంజినీరు:

ముప్పై ఏళ్లు లోడ్ డిస్పాచ్ కేంద్రంలో (కరెంటు ఉత్పత్తినీ వాడకాన్నీ సరితూచే చోట) పనిచేసి హైదరాబాద్‌లో విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఆ రాత్రి సంగతి చదివితే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మన గ్రిడ్ 50 హెర్ట్జ్ (కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు) మీద నడిచినట్టే అక్కడ 60 మీద నడవాలి. ఉత్పత్తి పడిపోయి, వాడకం అలాగే ఉంటే ఆ అంకె దిగజారుతుంది. ఆ రాత్రి రెండు గంటలకు కాస్త ముందు 59.3కు పడింది. 59.4 కంటే కింద తొమ్మిది నిమిషాలు ఉంటే విద్యుత్ కేంద్రాలు తమ యంత్రాలను కాపాడుకోవడానికి ఒకదాని వెనుక ఒకటి విడిపోతాయి. ఆ రాత్రి 4 నిమిషాల 23 సెకన్లు ఉంది. ఇంకో నాలుగున్నర నిమిషాలు గడిచి ఉంటే రాష్ట్రం మొత్తం చీకటి. మళ్లీ సున్నా నుంచి నిలబెట్టడానికి వారాలు పట్టేది. 20,000 మెగావాట్ల లోడు, అంటే వాడకం, తీసేయాల్సి వచ్చింది. అది ఆనాటి తెలంగాణ అత్యధిక డిమాండ్ కంటే ఎక్కువ. అంత తీసేశాక కోతను వంతులవారీగా తిప్పడానికి ఫీడర్లు (వీధులకు కరెంటు పంచే లైన్లు) మిగలలేదు. అందుకే ప్లేనో గృహిణి ఇంట్లో పోయిన కరెంటు రోజుల తరబడి రాలేదు. ఆ గదిలో స్విచ్ తీసినవారిని నేను తప్పుపట్టను.

తప్పు ఎక్కడుందంటే, కోత వేసిన ఫీడర్లలో గ్యాస్ బావులకు, గ్యాస్‌ను గొట్టాల్లో నెట్టే కంప్రెసర్లకు కరెంటు ఇచ్చేవి కూడా ఉన్నాయి. అత్యవసర జాబితాలో వాటిని ఎవరూ చేర్చలేదు. గ్యాస్ ఆగితే విద్యుత్ కేంద్రం ఆగుతుంది, అది ఆగితే మరింత కోత పడుతుంది, ఆ కోతకు మరికొంత గ్యాస్ ఆగుతుంది. ఏ గొలుసు ఎక్కడ తెగుతుందో ముందే కాగితం మీద గీసుకోవలసిన పని ఇది.

ఇక గవర్నర్ గ్రెగ్ అబ్బాట్. 16వ తేదీన ఆయన టీవీలో గాలిమరలను, సౌర విద్యుత్తును నిందించారు. గాలిమరలూ గడ్డకట్టాయి, కాదనను. కానీ తర్వాత కేంద్ర సంస్థల దర్యాప్తులో తేలిందేమిటి? టెక్సస్‌లోనూ చుట్టుపక్కల రాష్ట్రాల్లోనూ కలిపి 1,045 ఉత్పత్తి యూనిట్లు దెబ్బతిన్నాయి, వాటిలో 58 శాతం గ్యాస్‌తో నడిచేవి. ఆ పూట నిజం కావలసినది చలిలో వణుకుతున్న జనానికి. సెనేటర్ విమానం ఎక్కడం కంటే నాకు ఈ మాటే ఎక్కువ బాధ కలిగించింది.

హ్యూస్టన్ దగ్గరి కేటీ ఊరి నుంచి:

పెద్దవారు మీరు చెప్పినదంతా నిజమే. అయినా నాయకుడు దగ్గర ఉండటానికి విలువ లేదంటే నేను ఒప్పుకోను. మాటకు కూడా ప్రాణం నిలిపే శక్తి ఉంటుంది. హ్యూస్టన్ చుట్టుపక్కల చలికి తాళలేక ఇంట్లో బొగ్గులు రాజేసినవారు, గ్యారేజీలో కారు నడిపినవారు కార్బన్ మోనాక్సైడ్‌తో ఆస్పత్రుల పాలయ్యారు. అలా చేయకండి అని గంట గంటకూ చెప్పే గొంతు కావాలి. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీ అధిపతి లీనా హిడాల్గో ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ చెబుతూనే ఉన్నారు. మన తెలుగు సంఘాల వాట్సాప్ గుంపుల్లో ఆ హెచ్చరికలను తెలుగులో రాసి పంపింది ఆవిడ మాటలు వినే.

అదే సమయంలో టెక్సస్‌లోనే ఉన్న కొలరాడో సిటీ అనే చిన్న ఊరి మేయర్, మిమ్మల్ని ఆదుకోవడం ప్రభుత్వం పని కాదు, బలమున్నవారే బతుకుతారు అన్న అర్థంలో ఫేస్‌బుక్‌లో రాసి పదవి పోగొట్టుకున్నారు. న్యూయార్క్ ప్రతినిధి అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్‌కు టెక్సస్‌లో ఒక్క ఓటు లేదు. ఆమె దాదాపు 50 లక్షల డాలర్లు సేకరించి, హ్యూస్టన్ వచ్చి ఆహార నిధిలో పెట్టెలు సర్దారు. కరెంటు ఆమె కూడా తేలేదు. మరి ఆ రోజు ఆమెను చూసి నాకు కన్నీళ్లు ఎందుకు వచ్చాయి?

మాంట్రియల్ వాసి:

దగ్గర ఉన్న నాయకుడి కథ కూడా ఒకటి వినండి. 1998 జనవరిలో కెనడాలోని క్యుబెక్‌ రాష్ట్రంలో ఐదారు రోజులపాటు గడ్డకట్టే వాన కురిసింది. తీగల మీద మంచు పేరుకుని వెయ్యికి పైగా ఉక్కు టవర్లు కూలాయి, వేలాది కొయ్య స్తంభాలు విరిగాయి. 30 లక్షల మందికి పైగా చీకట్లో ఉన్నారు. మాంట్రియల్‌కు దక్షిణాన ‘చీకటి త్రికోణం’ అని పేరుపడిన ప్రాంతంలో కొందరికి నెల దాటినా కరెంటు రాలేదు.

ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) లూసియెన్ బుషార్, ప్రభుత్వ విద్యుత్ సంస్థ హైడ్రో-క్యుబెక్ అధిపతి ఆంద్రే కాయే రోజూ టీవీ ముందుకు వచ్చేవారు. మెడ మూసే స్వెటర్ వేసుకుని వచ్చే కాయే ఇంటిల్లిపాదికీ ఆప్తుడైపోయాడు. సైన్యాన్ని పిలిపించారు. కదలలేనివారిని ఇళ్లు వదిలి రమ్మని బతిమాలారు. నేను అప్పుడు విద్యార్థిని. శిబిరంలో వందలమందిమి ఆ సాయంత్రపు మాటల కోసం రేడియో చుట్టూ చేరేవాళ్లం. ఆ ధైర్యం అబద్ధం కాదు.

కానీ జనవరి 9న నగరానికి తాగునీరు ఇచ్చే శుద్ధి కేంద్రాలకే కరెంటు పోయింది. పరిస్థితి ఎంత దూరం వెళ్లిందో ఆ రోజు మాకు పూర్తిగా చెప్పలేదు. జనం బెదిరిపోతారని అనుకున్నారట. ఆ తర్వాత అదే నమ్మకం అండతో, మామూలుగా జరగవలసిన ప్రజాభిప్రాయ సేకరణ లేకుండా కొత్త హైవోల్టేజి లైన్లకు ఉత్తర్వులిచ్చారు. 1999లో కోర్టు వాటిని కొట్టేసింది. ప్రభుత్వం చట్టం తెచ్చి పని సాగించింది. ఆ లైన్లు అవసరమే కావచ్చు. కానీ ప్రేమించిన నాయకుణ్ణి ప్రశ్నించడం ఎంత కష్టమో మాకు అప్పుడు తెలిసింది.

విశాఖ తీరం:

మంచు కాదు గానీ మాకు హుద్‌హుద్ గుర్తుంది. 2014 అక్టోబరు 12న తుపాను తీరం దాటితే, చంద్రబాబు నాయుడు వచ్చి బస్సులోనే బస చేసి రోజుల తరబడి విశాఖలో ఉన్నారు. ముఖ్యమంత్రి ఊళ్లో ఉన్నారంటే ఏ అధికారి కుర్చీలో కూర్చోలేడు. పక్క రాష్ట్రాల లైన్‌మెన్ వచ్చారు. పార్టీల సంగతి పక్కన పెట్టండి, ఆ వారంలో ఆ ఉనికి పని చేసింది. దానికంటే నాకు నచ్చింది, ప్రపంచ బ్యాంకు రుణంతో విశాఖలో భూగర్భ కేబుళ్లు వేయడం. బస్సులోని రాత్రులు ఫోటోలో కనిపిస్తాయి, మట్టి కింది కేబులు కనిపించదు. రెండూ కావాలి.

ఆస్టిన్ ఉద్యోగి:

‘రెండూ కావాలి’ అన్నదానికి మా ఊరు సాక్ష్యం. 2023 ఫిబ్రవరి మొదట్లో ఆస్టిన్‌లో మంచు వాన పడింది. ఈసారి రాష్ట్ర గ్రిడ్ నిలబడింది. మంచు బరువుకు చెట్ల కొమ్మలు విరిగి తీగల మీద పడ్డాయి. ఒక దశలో సుమారు 1,70,000 కనెక్షన్లు పోయాయి. నగర విద్యుత్ సంస్థ కరెంటు వచ్చే వేళ ఒకటి చెప్పి, దాన్ని మార్చి, చివరికి చెప్పలేమంది. పిల్లలను తీసుకుని హోటల్‌కు వెళ్లాలా, ఇంకో రాత్రి ఓర్చుకోవాలా అని మేము ఆ మాటల మీదే నిర్ణయించుకుంటున్నాం. మేయర్ కర్క్ వాట్సన్ క్షమాపణ చెప్పారు. రెండు వారాలకే నగర పాలన చూసే అధికారి అయిన సిటీ మేనేజర్‌ను కౌన్సిల్ తొలగించింది. కొమ్మలు కొట్టించడం మాత్రం ఏళ్ల తరబడి సాగవలసిన పని. మా వీధిలో మేమే చెట్టు నరకవద్దని సంతకాలు పెట్టాం. ఆ బాధ్యత నాది కూడా.

ఇర్వింగ్ పాఠకుడు:

నేను ఎల్ పాసోను చూపిస్తాను. 2011లో ఆ ఊరూ దెబ్బతింది. అక్కడి విద్యుత్ సంస్థ గుణపాఠం నేర్చుకుని చలి రక్షణకు డబ్బు ఖర్చుపెట్టింది. 2021లో దాదాపు ఇబ్బంది లేకుండా బయటపడింది.

విశ్రాంత డిస్పాచ్ ఇంజినీరు:

అది మంచి ఉదాహరణే, అయితే ఎల్ పాసో ఎర్కాట్‌లో లేదు, పశ్చిమ గ్రిడ్‌తో కలిసి ఉంది. ఆ చలి కూడా అక్కడ అంత తీవ్రంగా లేదు. సగం ఘనత భూగోళానికీ ఇవ్వాలి.

ప్లేనో గృహిణి:

అందరి మాటలూ మావారికి చదివి వినిపించాను. ఒక సందేహం. ఆ తుపాను తర్వాత శాసనసభ చట్టం చేసి, చలి రక్షణ లేని విద్యుత్ కేంద్రాలకు రోజుకు పది లక్షల డాలర్ల దాకా జరిమానా పెట్టింది కదా. మరి గ్యాస్ బావుల సంగతి ఎవరు చూస్తారు?

ఇర్వింగ్ పాఠకుడు:

రైల్‌రోడ్ కమిషన్. పేరు పాతది, రైళ్లతో దానికి ఇప్పుడు సంబంధం లేదు. చమురు, గ్యాస్ దాని కిందివే. ముగ్గురు కమిషనర్లు, ముగ్గురినీ మనమే ఓటేసి ఎన్నుకుంటాం. 2022లోనూ 2024లోనూ ఒక్కో స్థానానికి ఎన్నిక జరిగింది.

ప్లేనో గృహిణి:

2022లో నేను గంటన్నర వరసలో నిలబడి ఓటు వేశాను. బ్యాలెట్‌లో ఆ పేరు చూసి, రైళ్ల సంగతి మనకెందుకని ఆ గడి ఖాళీగా వదిలేశాను. 2024లో కూడా.