రాష్ట్ర బడ్జెట్‌లో మా క్లినిక్‌కు నిధులు: లాబీయింగ్ సంస్థను పెట్టుకోవాలా?

నడిమిల్లు:
అందరికీ నమస్కారం. ఫ్లోరిడాలోని టాంపా దగ్గర మేము కొందరం కలిసి ఒక ఉచిత క్లినిక్ నడుపుతున్నాం, శనివారాలు మాత్రమే. డాక్టర్లూ నర్సులూ అందరూ జీతం లేకుండా వచ్చేవారే. రోగుల్లో మనవాళ్ళ తల్లిదండ్రులు కొద్దిమంది, మిగిలినవారు బీమా లేని స్థానికులు. పళ్ళ వైద్యానికి ఒక సంచార వాహనం కొనాలని చాలాకాలంగా ఆలోచన. ధర మూడున్నర లక్షల డాలర్లు. వనభోజనాల్లో విరాళాల డబ్బా తిప్పితే అయ్యే పని కాదు. ఫ్లోరిడా రాష్ట్ర బడ్జెట్‌లో అడగమని ఒకరు సలహా ఇచ్చారు. రాష్ట్ర రాజధాని టాలహాసీలో ఒక లాబీయింగ్ సంస్థతో, అంటే రుసుము తీసుకుని మన తరఫున చట్టసభ సభ్యులతో మాట్లాడేవారితో, మాట్లాడితే నెలకు 5,000 డాలర్లు, పది నెలల ఒప్పందం అన్నారు. అంటే వాహనం వచ్చినా రాకపోయినా 50,000 పోయినట్టే.

కమిటీలో ఏకాభిప్రాయం లేదు. అధ్యక్షుడు గారు "ఇది పైరవీ కాక మరేమిటి? ఇంత దూరం వచ్చీ ఇదే పనా?" అంటున్నారు. కోశాధికారి గారు "నిధులు చేతికొచ్చాక పది శాతం ఇద్దాం, రాకపోతే దండం పెట్టి పంపిద్దాం" అంటున్నారు. ఈ దారిలో నడిచినవారు చెప్పండి.

ఉప్పుగాలి:
ముందు కోశాధికారి గారికి. ఆ పది శాతం మాట ఇంకెక్కడా అనవద్దని చెప్పండి. చట్టసభలో పని జరిగితేనే రుసుము అనే ఒప్పందాన్ని ఫ్లోరిడా చట్టం నిషేధించింది. అలా ఒప్పుకునే సంస్థ ఏదైనా ఉంటే, దానికి దూరంగా ఉండటానికి ఆ ఒక్క కారణం చాలు.

మాది వృద్ధుల పగటి కేంద్రం. మొదటి ఏడు మేమే వెళ్ళాం. సభలు జరుగుతున్నాయి కదా అని ఫిబ్రవరిలో, పట్టుచీరలు కట్టుకున్న ఇద్దరు పెద్దావిడలను వెంటబెట్టుకుని, నాలుగున్నర గంటలు కారు నడిపి టాలహాసీ చేరాం. అందరూ ఎంతో మర్యాదగా మాట్లాడారు, ఫొటోలు దిగారు, గుమ్మం దాకా వచ్చి సాగనంపారు. నిధులు సున్నా.

రెండో ఏడు ఒక చిన్న సంస్థను పెట్టుకున్నాం. మొదటి సమావేశంలో ఆ సంస్థ ఆవిడ కాగితపు క్యాలెండరు తీసి, జులై 1 మీద వేలు పెట్టింది. రాష్ట్ర ఆర్థిక సంవత్సరం మొదలయ్యే రోజు అది. అక్కడినుంచి వేలు వెనక్కి జరుపుతూ వచ్చింది. గవర్నర్ సంతకం, తుది ఓటు, రెండు సభల బేరాలు, ఉపసంఘాలు, దరఖాస్తు ఫారాల గడువు, సమావేశాలకు ముందు జరిగే కమిటీ వారాలు. వేలు ముందటేడాది శరదృతువులో ఆగింది. "మీరు పోయినసారి ఎప్పుడు వచ్చారు?" అని అడిగింది. మేము ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. సమావేశాలు అరవై రోజులే. బేసి సంవత్సరాల్లో మార్చిలో మొదలవుతాయి, సరి సంవత్సరాల్లో ఈమధ్య జనవరిలోనే పెడుతున్నారు. ఆ ఏడాది మేము వెళ్ళేసరికి విస్తళ్ళు కూడా ఎత్తేశారు.

నాలుగో అంతస్తు:
నేను రెండు సమావేశాల పాటు రాష్ట్ర చట్టసభలో ఒక ప్రతినిధి కార్యాలయంలో సహాయకుడిగా పనిచేశాను. బల్లకు ఇవతలి వైపు నుంచి కొంత చెబుతాను.

మీరు అడిగే డబ్బుకు రెండు సభల్లోనూ విడివిడిగా ఫారం ఉంటుంది, రెండుచోట్లా ఒక్కో సభ్యుడు దాన్ని తన పేరున పెట్టాలి. ఒక సభలోనే పెట్టి రెండోదాన్ని మరచిపోయినవారిని చాలామందిని చూశాను. ఆ ఫారాలు ఎవరైనా ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు. ఎంత అడుగుతున్నారు, గతంలో రాష్ట్రం ఎంత ఇచ్చింది, జీతాలకు ఎంత, పరికరాలకు ఎంత, ఒక్కసారికేనా ఏటా కావాలా, ఇతర నిధులు ఏమున్నాయి, ఫలితాన్ని ఎలా కొలుస్తారు, చేయలేకపోతే ఏ జరిమానా వేయాలి, అన్నీ రాయాలి. మీ తరఫున లాబీయిస్టు ఉంటే ఆ పేరు కూడా అక్కడే కనిపిస్తుంది. అధ్యక్షుడు గారి పైరవీ అనుమానానికి నా జవాబు ఇదే. మన ఊళ్ళలో పైరవీకారుడి పేరు ఏ కాగితంలోనూ ఉండదు. ఇక్కడ ఆ మనిషి ఏ సంస్థ తరఫున మాట్లాడుతున్నాడో పేరు నమోదు చేయించుకోవాలి, ఆ సంస్థ అందుకు సమ్మతి తెలపాలి. లాబీయింగ్ సంస్థలు తమకు ముట్టిన సొమ్మును మూడు నెలలకోసారి చూపాలి. చట్టసభ సభ్యుడికి కప్పు కాఫీ ఇప్పించినా తప్పే, 2006 నుంచి అమల్లో ఉన్న నిబంధన అది. ఇంత ఉన్నా అంతా నిర్మలంగా ఉందని అనను. ఎన్నికల విరాళాలు అనే పెద్ద తలుపు ఒకటి తెరిచే ఉంది. సమావేశాలు జరిగేటప్పుడు సభ్యులు వాటిని తీసుకోకూడదు, మిగిలిన నెలల్లో ఆ అడ్డు లేదు.

మా దగ్గరకు వచ్చిన ఫారాల్లో సగం "సమాజ సేవకు", "ఆరోగ్య అవగాహనకు" అని ఉండేవి. దానికి ఏ అధికారి ఏమని లెక్క రాస్తాడు? మంచి లాబీయిస్టు తెచ్చిన ఫారంలో "రెండు కుర్చీలున్న దంత వైద్య వాహనం, ఒక్కసారికి మాత్రమే, ఏటా ఇంతమంది రోగులు" అని ఉంటుంది. ఉపసంఘంలో ఎవరైనా ప్రశ్న వేస్తే మా సభ్యుడు ఆ వాక్యాన్నే చదివేవాడు. అంతకంటే అతనికి తెలిసేదీ కాదు, పాపం.

చేదుమాత్ర:
ఇంత ఊరిస్తున్నారు కాబట్టి నా కథ కూడా వినండి. మా కళల సంస్థ ఏడాదిన్నర రుసుము కట్టింది. సంస్థ పేరు చెప్పను. మొదటి నెలల్లో రోజూ ఫోను, తరువాత వారానికోసారి, ఒప్పందం సంతకమైన నాలుగో నెల నుంచి మా పని ఎవరో కొత్త కుర్రాడికి అప్పగించారు. అతను మా సంస్థ పేరు రెండుసార్లు తప్పుగా రాశాడు. అయినా ఎలాగో పద్దులోకి ఎక్కాం. స్వీట్లు పంచుకున్నాం. తరువాత గవర్నర్ గీత కొట్టారు.

ఫ్లోరిడా గవర్నర్‌కు బడ్జెట్‌లో ఒక్కో పద్దునూ విడిగా కొట్టేసే అధికారం ఉంది. 2024 జూన్‌లో గవర్నర్ డిసాంటిస్ గారు రాష్ట్రమంతటి కళా సాంస్కృతిక గ్రాంట్లను, దాదాపు 3 కోట్ల 20 లక్షల డాలర్లు, ఒక్క దెబ్బతో తీసేశారు. పోటీలో మార్కులు తెచ్చుకుని నిలిచిన దరఖాస్తులు కూడా అందులో పోయాయి. సభ వీటోను తిప్పికొట్టాలంటే మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. మీ చిన్న వాహనం కోసం ఎవరు నిలబడతారు? ఆ వీటో రాకుండా గవర్నర్ కార్యాలయంతో, ఆరోగ్య శాఖతో ముందే మాట్లాడతారా అని సంస్థను సూటిగా అడగండి. చాలామంది సభ ఓటుతో తమ పని అయిపోయిందనుకుంటారు.

అంకెలమ్మ:
నేను అకౌంటెంటును, లాభాపేక్ష లేని సంస్థల పన్ను లెక్కలు చూస్తాను. నడిమిల్లు గారూ, మీది 501(సి)(3), అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థ, అయితే లాబీయింగ్ పూర్తిగా నిషిద్ధమని కమిటీలో ఎవరో ఒకరు అంటారు. అది అపోహ. అది మీ పనిలో గణనీయమైన భాగం కాకూడదు, అంతే. "గణనీయం" అంటే ఎంతో ఎవరూ తేల్చి చెప్పరు కాబట్టి ఫెడరల్ పన్ను శాఖ దగ్గర 5768 ఫారం దాఖలు చేసి 501(హెచ్) అనే నిబంధనను ఎంచుకోండి. అప్పుడు ఖర్చు కొలత మీదే పరిమితి. సేవా వ్యయంలో మొదటి 5 లక్షల డాలర్లకు 20 శాతం. మీ క్లినిక్ ఏటా 4 లక్షలు ఖర్చు పెడుతుందనుకుంటే 80,000 దాకా వెళ్ళవచ్చు, మీ 50,000 అందులో ఇమిడిపోతుంది. ఫెడరల్ గ్రాంటు డబ్బు మాత్రం ఇందులో పైసా కలపవద్దు. ఇంకొక మాట: మీ క్లినిక్ ఏదైనా గుడి పేరు మీద నడుస్తుంటే ఈ వెసులుబాటు లేదు, మతసంస్థలు దీన్ని ఎంచుకోలేవు.

నడిమిల్లు:
గుడితో సంబంధం లేదండీ, విడిగా నమోదైన సంస్థే. మా కమిటీ సభ్యులు వెళ్ళి మాట్లాడితే వారూ లాబీయిస్టులుగా పేరు నమోదు చేయించుకోవాలా?

నాలుగో అంతస్తు:
ఆ పనికి వారికి డబ్బు ముట్టనంతవరకు అక్కర్లేదు. పైగా వెళ్ళవలసింది వారే. సమావేశాలకు ముందు ప్రతి జిల్లాలో అక్కడి ఎమ్మెల్యేలూ సెనేటర్లూ ఒకచోట కూర్చుని ప్రజల మాట వింటారు. మీ ఊరికి దగ్గరలోనే, ఉచితంగా. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు. అక్కడ మీ దంతవైద్యురాలు నిలబడి ఒక రోగి సంగతి చెబితే, తరువాత మీ ఫారం తెరిచిన సహాయకుడికి ఆవిడ ముఖం గుర్తుంటుంది. నాకు గుర్తుండేది.

సంస్థ నిజంగా ఉపయోగపడేది చివరి రోజుల్లో. రెండు సభల బడ్జెట్లూ వేరువేరుగా వస్తాయి. మీకు ఒక సభ మూడు లక్షలు రాసి, రెండో సభ ఏమీ రాయకపోతే ఉమ్మడి సమావేశంలో తేలాలి. అక్కడ తేలనివి పైకి, ఆర్థిక కమిటీ పెద్దల దగ్గరకు, అక్కడా తేలకపోతే సభాపతుల దగ్గరకు వెళతాయి. అంకెలు రాత్రి పదింటికి మారతాయి. అన్నీ అయ్యాక ఇంకా మిగిలిన కొద్ది సొమ్మును ఇద్దరు పెద్దలూ ఒక జాబితాగా పంచుతారు, చివరి బంతిలో మిగిలిన బూరెలు వడ్డించినట్టు. ఆ రాత్రి టాలహాసీలో ఉండి "అడిగినంత కాకపోతే రెండు లక్షలకు మాకు సమ్మతమే" అని చెప్పే మనిషి మీకు ఉండాలి. తుది ప్రతి సభ్యుల ముందు పెట్టాక 72 గంటలు ఆగి ఓటు వేయాలని రాష్ట్ర రాజ్యాంగం చెబుతుంది. ఆ మూడు రోజుల్లో చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. 2025లో అరవై రోజులు చాలక ఇదంతా జూన్ దాకా సాగింది. నెలవారీ ఒప్పందం మే నెలతో ముగిసేలా రాసుకుంటే మధ్యలో చేతులెత్తేస్తారు, జాగ్రత్త.

గచ్చిబౌలి నుంచి:
హైదరాబాదు నుంచి చదువుతున్నాను, మాకిక్కడ లాబీయింగ్‌కు నమోదు చట్టమే లేదు. కన్సల్టెన్సీ, "ప్రభుత్వ సంబంధాలు" అనే పేర్లతో అదే పని సాగుతుంది, ఎవరు ఎవరి తరఫున సచివాలయం మెట్లెక్కారో బయటివారికి తెలియదు. కాబట్టి మీ అధ్యక్షుడు గారి అనుమానాన్ని నేను తప్పుపట్టను, ఆయన చూసినది ఇదే.

ఉప్పుగాలి:
ఒకటి మరచిపోయాను, ఇదే ముఖ్యం. మాకు రెండో ఏడు మూడు లక్షలు అడిగితే లక్షన్నర వచ్చింది. అది చెక్కు రూపంలో రాలేదు. ముందు మా డబ్బు ఖర్చు పెట్టి, బిల్లులు శాఖకు పంపితే తిరిగి ఇచ్చే పద్ధతి. జులైలో మొదలవ్వవలసిన ఒప్పందం మీద సంతకాలు అక్టోబరులో అయ్యాయి. ఒక్కసారికి ఇచ్చిన సొమ్ము మామూలుగా జూన్ 30తో చెల్లిపోతుంది. మేము కొన్నవి కుర్చీలు, మంచాలు కాబట్టి గట్టెక్కాం. మీది ఆర్డరు ఇచ్చాక తయారుచేసే వాహనం. తయారీదారు ఎన్ని నెలలు అడుగుతాడో ఈరోజే ఫోను చేసి కనుక్కోండి. ఈ ప్రశ్న మా లాబీయింగ్ సంస్థ మమ్మల్ని ఒక్కసారీ అడగలేదు, శాఖలోని గుమాస్తా అడిగాడు.

నడిమిల్లు:
ఇప్పుడే ఫోను చేశాను. తొమ్మిది నెలలు అంటున్నారు, ముందే మూడో వంతు కట్టాలట. కోశాధికారి గారు తల పట్టుకున్నారు. బ్యాంకు అప్పు సంగతి ఆయన చూస్తారు.

ముందు జిల్లా సమావేశంలో మాట్లాడాలని నిర్ణయించాం. మా దంతవైద్యురాలు ఒప్పుకున్నారు, రెండు నిమిషాల్లో ముగించగలరా అన్నదే సందేహం. సంస్థను పది నెలలకు బదులు చివరి నాలుగు నెలలకే అడిగి చూస్తాం, జులై దాకా. ఫారం చిత్తుప్రతి నేనే రాస్తున్నాను. లాబీయిస్టు పేరు అన్న గడిలో ప్రస్తుతానికి "లేరు" అని పెట్టాను. "ఫలితాన్ని ఎలా కొలుస్తారు" దగ్గర ఆగిపోయాను. ఎవరి దగ్గరైనా పాత ఫారం ఉంటే చూపించగలరా?

నాలుగో అంతస్తు:
పాతవన్నీ రెండు సభల వెబ్‌సైట్లలో ఉన్నాయి. దంత వైద్యం కోసం గత మూడేళ్ళలో ఎవరెవరు అడిగారో చూడండి, నిధులు వచ్చినవి వేరుగా, రానివి వేరుగా. రానివాటిని ముందు చదవండి.