1984 అక్టోబరు 31: చిన్నప్పుడు ఆ రోజును ఎలా చూశారు?

ప్రశ్న: ఇందిరా గాంధీ హత్య జరిగిన నాటికి నాకు తొమ్మిదేళ్లు, మేము చిక్కడపల్లిలో ఉండేవాళ్లం. మధ్యాహ్నమే బడి వదిలేశారు. ఇంటికి వచ్చేసరికి దుకాణాల షట్టర్లు దిగి ఉన్నాయి, అమ్మ రేడియో ముందు మౌనంగా కూర్చుని ఉంది. ఆకాశవాణి మరణవార్తను సాయంత్రం గాని ప్రకటించలేదని పెద్దయ్యాక చదివాను. మరి పెద్దలకు అంత ముందుగా ఎలా తెలిసింది?

జవాబు 1: బీబీసీ ద్వారానండీ. మా తాతగారు షార్ట్‌వేవ్‌లో విని, గట్టిగా చెప్పలేక, నాన్నగారిని పెరట్లోకి పిలిచి చెప్పారు. మాది నర్సాపూర్ ప్రాంతం. 1980లో ఆమె మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచారు కనుక, మా నాయనమ్మకు ఆమె ప్రధాని కన్నా ముందు మా ఎంపీ. ఆ రాత్రి ఆవిడ అన్నం ముట్టలేదు.

జవాబు 2: నవంబరు 3న అంత్యక్రియలను దూరదర్శన్‌లో పక్కింటివారి నలుపు తెలుపు టీవీలో చూశాం. చితికి రాజీవ్ నిప్పంటించినప్పుడు గది నిండా ఏడుపులే. అయితే నాకు ఇంకా బాధ కలిగించేది వేరే ఉంది: ఢిల్లీలో సిక్కులను చంపుతున్నారన్న కబురు వచ్చాక, నా పక్కన కూర్చునే సిక్కు స్నేహితుడు చాలా రోజులు బడికి రాలేదు. వచ్చిన రోజు వాళ్ల నాన్నగారు సాయంత్రం దాకా గేటు దగ్గరే నిలబడ్డారు.

ప్రశ్న అడిగినవారు: మా తరగతిలోనూ ఒక సిక్కు అమ్మాయి ఉండేది. ఆ వారం ఆమె వచ్చిందో లేదో నేను గమనించనే లేదు.