బాయినెట్‌ను తెలుగులో ఏమనాలి: బాకు అనా, బల్లెం అనా?

ప్రశ్న:
యుద్ధచరిత్ర మీద ఒక పెద్ద వ్యాసం తెనిగిస్తున్నాను. 'బాయినెట్' అన్న మాట పేజీకి నాలుగుసార్లు వస్తోంది. ప్రతిసారీ 'తుపాకి చివర అమర్చే బాకు' అని రాస్తే వాక్యం నడవడం లేదు. అంతటా 'బాకు' అనేస్తే సరిపోతుందా? సిపాయిలకు ఇచ్చే 'ఫిక్స్ బాయినెట్స్' అనే ఆజ్ఞను 'బాకులు తగిలించండి' అనొచ్చా? తెలిసినవారు చెప్పండి.

జవాబు:
అంతటా ఒకే తెలుగు మాట కుదరదండీ. ఆ వస్తువే మూడు రూపాలు మారింది, మీ వ్యాసం ఏ కాలం గురించో చూసుకోవాలి.

మొదట అది నిజంగా బాకే. ఫ్రాన్స్ నైరుతి మూలనున్న బయోన్ పట్టణం పేరు మీద ఆ మాట పుట్టిందని ఎక్కువమంది చెప్తారు. పదిహేడో శతాబ్దంలో దాని పిడిని సన్నగా చెక్కి, తుపాకి గొట్టం నోట్లో బిరడాలా దోపేవారు. దోపాక ఇక కాల్చడానికి లేదు. 1689 జూలైలో స్కాట్లండ్‌లోని కిల్లీక్రాంకీ దగ్గర ఈ లోపమే ప్రభుత్వ సేనాని మెకే దళాన్ని ముంచింది. హైలండర్లు, అంటే తిరగబడ్డ స్కాట్లండ్ కొండప్రాంతంవాళ్లు, కొండ మీంచి కత్తులు దూసుకుని ఒక్క ఉరుకున దిగారు. కింద ఉన్నవాళ్లు తుపాకులు పేల్చారు గానీ, బాకులు దోపుకునే వ్యవధి లేకుండానే శత్రువు మీద పడిపోయాడు.

ఆ తర్వాత వచ్చింది గొట్టానికి పైనుంచి తొడిగే రకం. ఫ్రాన్స్‌లో వోబాన్ అనే కోటల నిపుణుడు దీన్ని ముందుకు తెచ్చాడు. అడుగున ఉంగరం లాంటి తొడుగు, అందులో మెలి తిరిగిన గాడి, పక్కకు వంగిన మెడ, అక్కణ్ణుంచి ముందుకు సాగిన మొన. గొట్టం నోరు ఖాళీగానే ఉంటుంది కాబట్టి గుండు కూరుకోవచ్చు, పేల్చుకోవచ్చు. 1703లో ఫ్రెంచి సైన్యం పొడవాటి బల్లేలను పక్కన పెట్టేసింది. ప్రతి తుపాకీ తానే బల్లెం అయ్యాక వేరే బల్లెం దేనికి?

ఇక్కడే మన భాష మనకి సాయం చేస్తుంది. పాతదానికి 'దోపండి', దీనికి 'తొడగండి'. దోపడం లోపలికి, తొడగడం పైనుంచి. ఈ రెండు క్రియలు సరిగ్గా వాడితే చాలు, కిల్లీక్రాంకీలో ఏం జరిగిందో పాఠకుడికి విడమరచి చెప్పక్కర్లేదు. 'తగిలించండి' అంటే ఆ తేడా మొత్తం చెరిగిపోతుంది.

ఇంకో సంగతి. ఈ తొడిగే రకం ఎక్కువగా మూడు పలకల ఇనుప మేకు. దానికి పదును అంచు లేదు, మొన మాత్రమే. నరకదు, కోయదు, పొడుస్తుంది. అలాంటిదాన్ని 'కత్తి' అనడం నాకు మనసొప్పదు. ఆ కాలానికి 'తుపాకి బల్లెం' అనండి.

మరొక సభ్యురాలు:
'సంగీను' అనొచ్చు కదండీ? హిందీ, ఉర్దూల్లో బాయినెట్‌ని సంగీన్ అనే అంటారు. పారసీలో సంగ్ అంటే రాయి, సంగీన్ అంటే బరువైనది. తుపాకి, సిపాయి ఎలాగూ బయటినుంచి వచ్చిన మాటలే. వాటి పక్కన ఇదీ ఒదుగుతుంది.

జవాబు:
ఒదుగుతుందమ్మా, కాదనను. కానీ ఇవాళ్టి పాఠకుడికి సంగీను అంటే మళ్లీ ఫుట్‌నోట్ కావాలి. కాలానికో తెలుగు మాట బరువనిపిస్తే నా ఓటు 'బాయినెట్'కే. మొదటిసారి వచ్చినప్పుడు వర్ణించి, ఆపైన బాయినెట్ అనే రాసుకోవచ్చు.

ప్రశ్న వేసినవారు:
దోపడం, తొడగడం తేడా నాకు తట్టనే లేదండీ, ధన్యవాదాలు. మరో చిక్కు. సువోరొవ్ అనే రష్యన్ సేనాని మాట ఒకటి వ్యాసంలో ఉంది, 'తూటా తెలివితక్కువది, బాయినెట్ మంచి కుర్రాడు' అన్న అర్థం. తెలుగులో చప్పగా వస్తోంది.

జవాబు:
రష్యన్‌లో తూటా స్త్రీలింగం, బాయినెట్ పుంలింగం. అందుకే అక్కడ ఒకటి వెర్రిది, ఒకడు వీరుడు. మనకి ఆ లింగభేదం లేకపోయినా అంతకంటే మంచిది ఉంది. 'తూటా వెర్రిది, బాయినెట్ మొనగాడు' అనండి. మొన అంటే కొస, మొన అంటే యుద్ధంలో ముందువరస కూడా. అందులోంచి వచ్చినవాడే మొనగాడు. బాయినెట్‌కి ఇంతకంటే తగిన పేరు ఏముంటుంది!

రష్యన్‌లో దాన్ని 'ష్తిక్' అంటారు. పోలిష్ మీదుగా వచ్చిన జర్మన్ మాట, మూలార్థం పోటు. అంటే 'పోటు పోటుగాడు' అన్నా తప్పు కాదు. నాకైతే మొనగాడే నచ్చింది.

మరొక సభ్యురాలు:
మూడో రూపం చెప్పకుండా వదిలేశారు మాస్టారూ.

జవాబు:
అవునమ్మా. పంతొమ్మిదో శతాబ్దంలో మళ్లీ అంచున్న అలుగు, అంటే కత్తి రేకు, వచ్చింది, కొన్ని ఏకంగా కత్తులే. బ్రిటిష్ రైఫిల్ రెజిమెంట్లు ఇప్పటికీ బాయినెట్‌ని 'సోర్డ్' అనే పిలుస్తాయి, ఆజ్ఞ కూడా 'ఫిక్స్ సోర్డ్స్' అనే. మొదటి ప్రపంచయుద్ధంలో లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కి వాడిన 1907 నమూనా అలుగు 17 అంగుళాలు. దాన్ని బాకు అంటే చిన్నబోతుంది. తర్వాత పొడవు తగ్గుతూ వచ్చి, మళ్లీ నడుముకి వేలాడే బాకు దగ్గరికే చేరింది. వీటికి 'బిగించండి' సరిపోతుంది.

1959లో వచ్చిన సోవియట్ ఏకేఎం రైఫిల్ బాయినెట్ చూడండి. అలుగులో ఒక రంధ్రం, ఒర కొసన ఒక మేకు. మేకును రంధ్రంలో ఇరికించి నొక్కితే ముళ్లకంచె తీగ తెగుతుంది. కత్తీ ఒరా కలిసి కత్తెర అవుతాయి. మీ వ్యాసం అంతదాకా వస్తే అక్కడ మాత్రం నిస్సంకోచంగా 'కత్తి' అనండి.