ఈ తెల్ల పింగాణి దొరల బొమ్మ దెహువాదేనా? ఎలా తెలుసుకోవాలి?

అందరికీ నమస్కారం. మేం ఉండేది నెదర్లాండ్స్‌లో. ఇక్కడి పాత సామాన్ల సంతలో ఒక తెల్ల పింగాణి బొమ్మ కొన్నాను. ఎత్తు జానెడు కూడా లేదు. చిన్న బల్లకి అటూ ఇటూ దొర, దొరసాని కూర్చుని ఉన్నారు. దొరకి మూడు మూలల టోపీ, కోటుకి వరసగా గుండీలు. ముఖాలు మాత్రం అచ్చం చైనా వాళ్లవే, ముక్కు కాస్త పొడుగు చేసి సరిపెట్టేశారు!

చైనాలోని ఫుజియన్ ప్రావిన్స్, దెహువా కొలిమిల్లో 17, 18 శతాబ్దాల్లో యూరప్‌కి ఎగుమతి చేయడానికి ఇలాంటివి చేసేవారు. ఈ రకాన్ని ‘గవర్నర్ డఫ్’ బొమ్మలంటారు. 1729–32లో బటావియాలో (ఇప్పటి జకార్తా) డచ్ ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్‌గా ఉన్న డీడెరిక్ డుర్వెన్ కుటుంబమే ఈ బొమ్మల్లో ఉన్నదని ఒకప్పుడు అనుకునేవారు; ఆయన పేరే ‘డఫ్’గా మారిందట. నాకైతే ఆ పోలిక నమ్మబుద్ధి కాలేదు.

నా టెన్షన్ వేరే. 19వ శతాబ్దంలో పారిస్‌లో సామ్సన్ కంపెనీ పాత పింగాణికి నకళ్లు బోలెడు చేసింది. ఇది వాటిలో ఒకటేమో? అడుగున గ్లేజు (మెరిసే పూత) లేదు, లోపల బోలు, పీఠంలో సన్నటి పగులు. లోపల టార్చి వేస్తే వెలుగు మీగడ రంగులో కనిపిస్తోంది.

ఆ పగులు కొలిమిలో కాల్చేటప్పుడు వచ్చిందా, తర్వాత దెబ్బ తగిలిందా అన్నది ఎలా పోల్చుకోవాలి? ఇది దెహువాదేనని తేల్చడానికి టార్చి పరీక్షని నమ్మొచ్చా? దొరసాని చెయ్యి ఎవరో అతికించినట్టుంది, మడతల్లో మురికి ఉంది. గోరువెచ్చని నీళ్లతో కడిగితే అతుకు ఊడుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి, ఏ వైపు ఫొటో కావాలన్నా పెడతాను.