ఇన్‌ఫ్లమేషన్‌కి మంటా, వాపా, శోథా?

విజయవాడ అనువాదకురాలు: చర్మకణాల మీద వ్యాసం రాస్తున్నాను. ‘ఇన్‌ఫ్లమేషన్’ వచ్చిన ప్రతిచోటా ‘మంట’ అని పెట్టాను. కుదిరిందంటారా?

గుంటూరు వాసి: కుదర్లేదండీ. మిర్చి ముచ్చికలు తీసే ఆడవాళ్లని అడగండి, మంటంటే ఏంటో చెబుతారు. కారంలోని క్యాప్సైసిన్ నరాల కొసల్ని రేపితే వచ్చేది అది. చర్మం వాయకపోయినా చెయ్యి భగభగమంటూనే ఉంటుంది.

రిటైర్డు తెలుగు మాస్టారు: ‘వాపు’ అనమ్మా. మెదడువాపు అంటే తెలియనివాళ్లెవరు?

బయోకెమిస్ట్రీ టీచరు: మెదడువాపు వరకూ బాగానే ఉంది మాస్టారూ. ఈవిడ రాసేది కణాల మధ్య కబుర్ల గురించి. టీఎన్‌ఎఫ్ లాంటి సంకేత ప్రోటీను తగలగానే పైచర్మపు కణాలైన కెరటినోసైట్లు కీమోకైన్లనే పిలుపు సంకేతాలు వదిలి తెల్లకణాల్ని పిలుస్తాయి. అప్పటికి ఇంకా ఏదీ వాచి ఉండదు. ఆ పిలుపుల్ని సర్దేవాటిలో ఈజీఎఫ్‌ని, అంటే పైచర్మపు వృద్ధి కారకాన్ని, అందుకునే రిసెప్టర్ ఒకటి. అది పనిచేస్తుంటే సీసీఎల్2, సీఎక్స్‌సీఎల్10 అనే కీమోకైన్లు తగ్గుతాయి, తెల్లకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్‌ని రప్పించే ఐఎల్-8 మాత్రం పెరుగుతుంది. అంటే అన్నిటినీ ఒకేలా అణచదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ఎర్లోటినిబ్ వాడేవాళ్లని చూడండి. మందు ఈ రిసెప్టర్‌ని మూసేస్తుంది. మొదటి వారాల్లోనే చాలామందికి మొహం మీదా ఛాతీ మీదా మొటిమల్లాంటి పొక్కులు లేస్తాయి. మొటిమలు కావవి. తగ్గి ఉండాల్సిన పిలుపులు పెరిగి తెల్లకణాలు చేరడం దానికో కారణం.

అసలు ‘వృద్ధి కారకం’ అన్న పేరే ఇరుకు. స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రవేత్త ఈజీఎఫ్‌ని పసి ఎలుకలకి ఎక్కించి చూశాడు. కళ్లు ముందే తెరుచుకున్నాయి, పళ్లు ముందే వచ్చాయి. 1986లో నోబెల్ కూడా వచ్చింది. మిగతా పనులు బయటపడేసరికి పేరు స్థిరపడిపోయింది.

విజయవాడ అనువాదకురాలు: అయితే ‘శోథ’ అంటాను. సంస్కృతం కాబట్టి గొడవుండదు.

మాస్టారు: ఆయుర్వేదంలో శోథమన్నా వాపేనమ్మా! చుట్టు తిరిగి నా దగ్గరికే వచ్చావు.

గుంటూరు వాసి: ‘ఇన్‌ఫ్లమేషన్’ అనే ఉంచేయండి. మొదటిసారి వచ్చినచోట మాత్రం కందడం, ఉబ్బడం, వేడెక్కడం, సలపడం అని విడమర్చండి. రోమన్ రచయిత సెల్సస్ చెప్పిన నాలుగు లక్షణాలూ అవేగా. సెగ్గడ్డ లేచినవాడికి వేరే వివరణ అక్కర్లేదు.

విజయవాడ అనువాదకురాలు: ‘సలపడం’ నాకు తట్టనే లేదండీ! ఎర్లోటినిబ్ పేరాలో ‘కందిన పొక్కులు’ అని మారుస్తున్నాను. ‘వృద్ధి కారకం’ మాత్రం ఉంచుతాను టీచరుగారూ, పాఠ్యపుస్తకాల్లో అదే ఉందని పిల్లలు పట్టుకుంటారు.