ఫెస్ట్‌లో వాయించడానికి ఒకే ఒక్క రిఫ్ ఎంచుకోవాలంటే ఏది? రాక్, మెటల్ వాళ్లు ఒకసారి రండి

సప్తగిరి_స్ట్రింగ్స్ (అనంతపురం)

అన్నలూ అక్కలూ, ఒక పంచాయితీ తీర్చాలి. మేం ముగ్గురం, రెండు గిటార్లు, ఒక డ్రమ్ సెట్టు. బాస్ గిటార్ వాయించేవాడు ఊరంతా వెతికినా దొరకలేదు. కాలేజీ ఫెస్ట్‌లో మాకు పది నిమిషాలు ఇచ్చారు, అది కూడా డీజేకీ డాన్సులకీ మధ్యలో ఇరికించి. కూర్చునే జనంలో ఎక్కువమందికి రాక్ అలవాటు లేదు, పాట పేరు చెప్తే "ఏ సినిమాలోది?" అని అడిగే రకం. మొదటి పది సెకన్లలో రిఫ్ (పాటలో తిరిగి తిరిగి వచ్చే చిన్న గిటార్ ముక్క) వాళ్లని పట్టుకోవాలి, లేదంటే ఫోన్లు తీస్తారు.

మాలో మాకే గొడవ. ఒకడు మెటాలికా 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' తప్ప ఇంకేదీ రిఫ్ కాదంటాడు. డ్రమ్మర్ ఏసీ/డీసీ 'బ్యాక్ ఇన్ బ్లాక్' అంటాడు. నేను డీప్ పర్పుల్ 'స్మోక్ ఆన్ ద వాటర్' అంటే ఇద్దరూ నవ్వారు, గిటార్ కొన్న మొదటి వారంలో ప్రతివాడూ వాయించేది స్టేజీ మీద కూడా వాయిస్తావా అని. అసలు దేన్ని గొప్ప రిఫ్ అనాలి? టాప్ 50 లిస్టులు మాత్రం ఇక్కడ అంటించొద్దు ప్లీజ్, అవి చూసే ఈ గొడవ మొదలైంది. మీ చెవికి ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో రాయండి.

ఉల్లిగడ్డ_మెటల్ (కర్నూలు)

బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ ఉండగా ఇంకా గొడవేంది తమ్ముడూ? బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ 17 ఏళ్ల వయసులో కుడిచేతి రెండు వేళ్ల కొనలు మిషన్‌లో పోగొట్టుకున్నాడు. ఆయనది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కే చెయ్యే పోయింది. ఇంకొకడైతే గిటార్ అమ్ముకునేవాడు. ఈయన ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు, సన్న తీగలు వేసుకున్నాడు, 1971లో 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఆల్బమ్‌కి వచ్చేసరికి కొన్ని పాటల్లో తీగల్ని మూడు సెమీటోన్లు (మూడు స్వరస్థానాలు) కిందికి దించేశాడు. తీగ వదులైతే నొప్పి తక్కువ, దాంతోపాటు శబ్దం కూడా బరువెక్కింది. ఈరోజు మెటల్ బ్యాండ్లు తీగలు దించి వాయిస్తున్నాయంటే ఆ దారి వేసింది ఆయనే.

మీ పనికి వస్తే, బ్లాక్ సబ్బాత్ 'ఐరన్ మ్యాన్', 1970ది. నిదానంగా ఉంటుంది కాబట్టి చేతులు వణికినా నిలబడుతుంది. నా లెక్క ఒకటే: గిటార్ రానివాడు, ఇంగ్లిష్ రానివాడు ఆ రిఫ్‌ని నోటితో అనుకుంటూ హాస్టల్‌కి పోవాలి. పోయాడంటే గొప్ప రిఫ్, పోలేదంటే అది వేళ్ల కసరత్తు. పైగా ఆ పాటలో గాయకుడు పాడే వరస కూడా రిఫ్ వెంటే నడుస్తుంది, కాబట్టి వినేవాడి చెవిలో అదే ముక్క రెండింతలు పడుతుంది. మార్వెల్ హీరో పాట అనుకునేవాళ్లు ఉంటారు, అనుకోనీ.

ఏడురోడ్ల_థ్రాష్ (కడప)

ఉల్లిగడ్డ అన్నా, గౌరవంగానే చెప్తున్నా, నిదానంగా ఉన్నదల్లా బరువు కాదు. 1986లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' రిఫ్‌ని మెటాలికా గిటారిస్టు జేమ్స్ హెట్‌ఫీల్డ్ నిమిషానికి 210 బీట్లు దాటిన వేగంలో, పిక్‌ని (తీగలు మీటే చిన్న బిళ్లని) కిందికి మాత్రమే కొడుతూ వాయిస్తాడు. కిందికీ పైకీ కొడితే పని సగమవుతుంది, కానీ పైకి కొట్టిన దెబ్బ ఎప్పుడూ కొంచెం తేలిక. అన్నీ కిందికే పడితే ఆ కోపం వస్తుంది. మొదటిసారి ప్రయత్నిస్తే ముంజేయి మండిపోతుంది, అది వేరే సంగతి. 2022లో స్ట్రేంజర్ థింగ్స్ సిరీస్‌లో ఈ పాట వచ్చాక ఈ రిఫ్ తెలియని కాలేజీ పిల్లలు తక్కువే, మీ జనం కూడా పట్టుకుంటారు.

2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా వాయించినప్పుడు నేను జనంలో ఉన్నా. మన సీమ వాళ్లు చాలామందే కనిపించారు, తెలుగులో తిట్టుకుంటూ తోసుకుంటూ. వాళ్లు పాట మాటలే కాదు, గిటార్ రిఫ్‌ని కూడా గొంతుతో పాడారు. రిఫ్ అంటే అదప్పా.

ఉల్లిగడ్డ_మెటల్ (కర్నూలు)

అదే కదా నేనూ చెప్పేది! మీ మెటాలికానే నాకు సాక్ష్యం. 1991లో 'ఎంటర్ శాండ్‌మ్యాన్' రిఫ్‌ని గిటారిస్టు కిర్క్ హామెట్ తెచ్చినప్పుడు, మొదటి ముక్కని తిప్పి తిప్పి వాయించి తోకని చివర్లో మాత్రమే పెట్టమని చెప్పింది డ్రమ్మర్ లార్స్ ఉల్రిచ్. గిటారిస్టు చెయ్యి ఊరికే ఉండలేక ఇంకో ముక్క అతికిస్తుంది, దాన్ని ఎవరో ఒకరు ఆపాలి. ఇకపోతే 'పపెట్స్' ఎనిమిది నిమిషాలు దాటే పాట, ఈ అనంతపురం పిల్లలకి ఉన్నది పది నిమిషాలు. లెక్క నువ్వే చూసుకో.

వీణ_ప్రొద్దుటూరు

నేను రాక్ వినేదాన్ని కాదు బాబూ, మా అబ్బాయి గది గోడ దాటి వచ్చినంత మాత్రమే తెలుసు. అయినా మొదట అడిగిన అబ్బాయిని చూసి నవ్వడం బాగాలేదనిపించి రాస్తున్నాను. 'స్మోక్ ఆన్ ద వాటర్' మావాడు వాయిస్తుంటే వీణ మీద పట్టి చూశాను. స గ మ, తర్వాత స గ మ మ, మళ్లీ స గ మ గ స. గాంధారం సాధారణ గాంధారం. రెండోసారి వచ్చే జంటలో మొదటిది ప్రతి మధ్యమం, వెంటనే శుద్ధ మధ్యమం. మొత్తం నాలుగే స్వరస్థానాలు. రెండు మధ్యమాల్ని ఇలా పక్కపక్కన పెట్టడం మన సంగీతంలో మామూలుగా చేయం, చెవి ఆగిపోయేది సరిగ్గా అక్కడే. అందరూ వాయిస్తారు కాబట్టి చిన్నది అంటే మాయామాళవగౌళ సరళీ వరుసలు కూడా చిన్నవే కావాలి.

మావాడు చెప్పిన ఇంకో మాట. డీప్ పర్పుల్ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ దాన్ని పిక్‌తో వాయించడు, రెండు తీగల్ని రెండు వేళ్లతో ఒకేసారి మీటుతాడు, పై తీగలో స పలికితే దాని కింద మంద్ర పంచమం ఉంటుంది. మామూలుగా నేర్చుకునే పిల్లలు పంచమాన్ని పైన పెట్టి పిక్‌తో కొడతారట, అప్పుడు మొద్దుగా వినిపిస్తుంది. అసలు పద్ధతిలో వాయించి చూడండి, మీ స్నేహితులు ఇంకా నవ్వుతారేమో చూద్దాం.

పవర్ కార్డ్ అంటే ఏమిట్రా అంటే స, ప అన్నాడు. మా తంబూరా శ్రుతి అదేగా! గాంధారం లేదు కాబట్టి ఎంత డిస్టార్షన్ (శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) పెట్టినా చెదరదట. అయోమీ గారి 'బ్లాక్ సబ్బాత్' పాట మాత్రం ఒక్కసారి విని చాలనుకున్నాను. స, పై స, అక్కడి నుంచి దిగి పంచమం మీద ఆగకుండా దాన్ని దాటి ప్రతి మధ్యమం మీద నిలబడిపోవడం, సాయంత్రం పూట అది వినడం నా వల్ల కాదు.

బాక్సులు_మిక్సర్ (గుంతకల్లు)

రిఫ్ ఏదైనా ముందు ఇది చదవండి. ఫెస్ట్‌లకి వచ్చే సౌండ్ సర్వీసు బాక్సులు పెళ్లిళ్లకి తిరిగేవి, గిటార్ యాంప్ (గిటార్ కోసమే చేసిన స్పీకర్ పెట్టె) ఉండదు. డిస్టార్షన్ పెడల్‌ని నేరుగా మిక్సర్‌లో గుచ్చితే కందిరీగల తుట్టె కదిపినట్టు ఉంటుంది. గిటార్ యాంప్ స్పీకర్ పైన ఉండే కీచు శబ్దాన్ని తనంతట తానే కోసేస్తుంది, పీఏ బాక్సు (సభల్లో పెట్టే మామూలు స్పీకరు) ఉన్నదంతా వినిపిస్తుంది, తేడా అదే. గిటార్ ఎఫెక్టుల ప్రాసెసర్‌లో క్యాబ్ సిమ్యులేషన్ (యాంప్ స్పీకర్‌ని అనుకరించే సెట్టింగ్) ఆన్ చేయండి. గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) రూములో పెట్టుకునే దాంట్లో సగం చాలు. రెండు గిటార్లూ నిండా గెయిన్‌తో ఒకే రిఫ్ వాయిస్తే జనానికి గాలిమోత తప్ప ఏదీ వినపడదు.

బాస్ లేడన్నావు కదా, వైట్ స్ట్రైప్స్ 'సెవెన్ నేషన్ ఆర్మీ' ఎందుకు చూడరు? 2003ది. ఆ బ్యాండ్‌లో ఉన్నదే ఇద్దరు, బాస్ వాళ్లకీ లేదు. అందరూ బాస్ అనుకునే ఆ శబ్దం జాక్ వైట్ గిటారే, వామీ పెడల్‌తో ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) కిందికి దించాడు. ఏడు స్వరాలు. ఫుట్‌బాల్ స్టేడియాల్లో పాట ఎవరిదో తెలియనివాళ్లు కూడా పాడుతుంటారు. మెటల్ కాదని ఏడురోడ్ల తమ్ముడు అలుగుతాడు, అలగనీ.

'బ్యాక్ ఇన్ బ్లాక్' గురించి ఒక్క మాట. దాని బలమంతా దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్న ఖాళీలో ఉంది. మీ డ్రమ్మర్ ఆ ఖాళీని నింపకుండా చేతులు కట్టుకుని ఉండగలడా? ఉండగలిగితే పెట్టుకోండి.

సప్తగిరి_స్ట్రింగ్స్ (అనంతపురం)

అందరికీ థాంక్స్. వీణ అక్క చెప్పినట్టు పిక్ పక్కన పెట్టి వేళ్లతో మీటి వినిపించా, మావాళ్లు నవ్వలేదు, ఒకడైతే ఇదేం కొత్త ట్యూనింగ్ అన్నాడు. ఇప్పటికి అనుకున్నది ఇది: 'సెవెన్ నేషన్ ఆర్మీ'తో మొదలు, నా ప్రాసెసర్‌లో ఆక్టేవ్ ఉంది. తర్వాత 'స్మోక్', ఆ తర్వాత 'ఐరన్ మ్యాన్', చివర్లో 'పపెట్స్' మొదటి రిఫ్ ఒక్క నిమిషం, అది కావాలన్నవాడి ముంజేయి నిలబడినంత సేపు. 'బ్యాక్ ఇన్ బ్లాక్' తీసేశాం, డ్రమ్మర్ ఖాళీలో ఉండలేకపోయాడు, అలిగాడు కూడా.

వీణ అక్కా, మీ అబ్బాయికి బాస్ వచ్చా? ప్రొద్దుటూరు నుంచి మాకు బస్సులున్నాయి.

వీణ_ప్రొద్దుటూరు

వచ్చు. సెమిస్టర్ పరీక్షలున్నాయి. ఈ మాట వాడి చెవిన పడితే పుస్తకం మూసేసి బస్సెక్కుతాడు, ఇక్కడితో వదిలేయండి నాయనా.