గేర్‌బాక్స్ మార్చాలా, రిపేరు చాలా?

ప్రశ్న: 2011 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. మూడు నుంచి రెండుకి దించితే గరగర. న్యూట్రల్‌లో గుయ్‌మనే మోత, క్లచ్ తొక్కితే ఆగుతోంది. మెకానిక్ సెకండ్‌హ్యాండ్ బాక్స్ వేసేద్దామంటున్నాడు. వేయించనా?

జవాబు 1: తొందరపడకండి. ఇంజిన్ ఆపి గేర్లు వేసి చూడండి. అప్పుడు మెత్తగా పడి, స్టార్ట్ చేశాక రివర్స్ కూడా గరగరమంటే క్లచ్ పూర్తిగా విడవట్లేదు, బాక్స్‌ది తప్పు కాదు. రెండో గేరొక్కటే అయితే సింక్రో రింగ్ (గేరు మెత్తగా పడేలా వేగాలు కలిపే ఇత్తడి రింగు) అరిగింది. ఆ మోత చాలావరకు ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజిన్ తిప్పుడుని బాక్స్‌లోకి తెచ్చే కడ్డీ) బేరింగ్‌దే.

జవాబు 2: గేర్‌బాక్స్ ఆయిల్ దించండి. లోపలి అయస్కాంతానికి అంటిన నల్లటి మెత్తటి పొడి మామూలే. ఆయిల్లో ఇత్తడి మెరుపుంటే సింక్రో రింగులు అరిగినట్టు. గేరు పళ్ల ముక్కలొస్తే మాత్రం బాక్స్ మార్చడమే.

జవాబు 3: పాత బాక్స్ లోపలేముందో అమ్మేవాడికీ తెలీదు! ఏది చేయించినా, బాక్స్ దించినప్పుడే క్లచ్ సెట్, ఆయిల్ సీళ్లు మార్చేయండి. 15 ఏళ్లకి ఆర్సీ రెన్యువల్ కదా, ఇంత ఖర్చు పెట్టే ముందు ఫ్లోర్ కింద తుప్పు చూసుకోండి.